నిఘంటువును మింగిన మాంత్రికుడు

అయిదవ రాతితలుపు వారి వెనుక పిడుగు పడినట్టు మూసుకుంది. దళవాయి రుద్రన భుజం ఆనించి తోశాడు. పదిమంది బల్లెపుభటులు పదిసార్లు తోశారు. తలుపు ఉలకలేదు, పలకలేదు.

“ఇక వెనక్కి దారి లేదు ఏలికా!” అన్నాడు రుద్రన, నుదుటి చెమట తుడుచుకుంటూ. “ముందుకు కూడా ఉన్నట్టు లేదు.”

నిజమే. శారదాచలపు గర్భంలో, ఆకాశమంత ఎత్తైన ఆ గుహలో, వారి పాదాల ముందు నేల తెగిపోయింది. అడుగున నిప్పులేరు పారుతోంది. కరిగిన కొండ కెంపుల కుప్పలా కదులుతోంది; అలకు అల తగిలినప్పుడల్లా అగ్నికణాలు మిణుగురుల్లా లేచి, పైకప్పున వేలాడే స్ఫటికాలలో లక్ష దీపాలై వెలిగి ఆరిపోతున్నాయి. ఆ ఏటిపై మూడు వంతెనలున్నాయి. ఒకటి ఎర్రరాయి, ఒకటి తెల్లరాయి, ఒకటి నల్లరాయి. ఒక్కొక్క వంతెన మొదట్లో ఒక్కొక్క శిలాకన్య. ఎర్ర వంతెన దగ్గరి కన్య నవ్వుతోంది. తెల్ల వంతెన దగ్గరి కన్య కనుబొమలు ముడిచి కోపంగా చూస్తోంది. నల్ల వంతెన దగ్గరి కన్య ముఖం చేతుల్లో దాచుకొని ఏడుస్తోంది.

ఆవలి దరిన, దూరంగా, ఆరవ తలుపు.

ఏడు తలుపులు దాటినవాడికి ప్రాణమణి దక్కుతుంది. దానిని నాలుకపై ఉంచుకుంటే ముసలితనం మంచులా విడిపోతుంది. కర్ణికారపురాన్ని తొలిసారి ఏలిన ఆదిరాణి వాసంతిక ఆ మణిని ఇక్కడ దాచి, దారిని ‘మణిపథం’ అనే కావ్యంగా చెప్పి వెళ్ళింది. తలుపుకో పద్యం. పద్యంలో దారి. దానితో పాటు ఒక కట్టుబాటు: అర్థం చెప్పినవాడు ముందు నడవాలి, అర్థం అడిగినవాడు వెంట నడవాలి. మాటకు ప్రాణం తాకట్టు పెట్టలేనివాడు పద్యం జోలికి పోరాదని ఆమె శాసనం.

అర్థం అడిగినవాడు మహేంద్రబాహు మహారాజు. డెబ్బయ్యేళ్ళ వాడు. వణికే చేతుల్లో ఇంకా వదలని ఆశ. అర్థం చెప్పేవాడు ఆస్థాన వ్యాఖ్యాత కర్కోటభట్టు. ఆరడుగుల మనిషి, పాము కళ్ళు, పట్టు ఉత్తరీయం. అతను మాంత్రికుడని రాజ్యమంతా ఎరుగును. చితిమంటలో నిఘంటువును కాల్చి, ఆ బూడిదను తేనెలో రంగరించి మింగాడని, నాటినుంచి ఏ మాటకైనా నూరు మాటలు అతని నాలుకపై నాట్యమాడుతాయని జనం చెప్పుకుంటారు.

అతని ఎడమ భుజం వెనుక, తాటాకులు చేతబట్టి, తలపాగా కళ్ళదాకా దించుకొని నిలుచున్నది మూగ లేఖకుడు.

లేఖకుడు మూగవాడు కాడు. అసలు వాడే కాడు. ఆమె పేరు కాదంబిని.

ఏడేళ్ళ క్రితం ఆమె తండ్రి అమృతార్యుడు ఈ రాజ్యానికి వ్యాఖ్యాత. కర్కోటుడు అతని శిష్యుడు. మొదటి తలుపు దగ్గర అమృతార్యుడు అర్థం చెప్పి, చెప్పిన అర్థంలోనే అడుగుపెట్టి, లోయ మీది తీగవంతెన నడుమకు చేరాడు. ఒడ్డున నిలిచిన శిష్యుడి పెదవులు కదిలాయి. తీగలు తెగిపోయాయి. “గురువుగారు తప్పు చెప్పారు, పాపం!” అని శిష్యుడు కన్నీరు కార్చాడు. రాజు నమ్మాడు. తప్పుడర్థం చెప్పినవాడి రాత రాజ్యంలో మిగలరాదని, అమృతార్యుడి నూటపదహారు వ్యాఖ్యాన గ్రంథాలను కోటవాకిట పోగుపెట్టించి, తానే కాగడా అంటించాడు.

ఆ బూడిదను పదిహేనేళ్ళ పిల్ల నుదుట పెట్టుకుంది. నాడు కట్టుకున్న మౌనాన్ని నేటివరకు విప్పలేదు.

రెండేళ్ళ కిందట మగవేషంలో కర్కోటుడి దగ్గర కొలువుకు చేరింది. మాటల అర్థాలన్నీ తెలిసినా పద్యం అర్థం తెలియని ఆ మాంత్రికుడికి ఆమె తాటాకులే కళ్ళయ్యాయి. సభలో ఆమె వెనుక నిలిచి ఆకు చూపేది. అతను వాలుచూపుతో చదివి, మీసం దువ్వి, తన మాటగా చెప్పేవాడు. మొదటిది పోను మిగిలిన నాలుగు తలుపులూ అలాగే తెరుచుకున్నాయి. మూగవాడు రహస్యం బయటపెట్టలేడు కదా అని అతని ధీమా.

ఆమె ఆ తలుపులు ఎందుకు తెరిపించిందో అతనికి తెలియదు. అయిదవ తలుపు దాటితే కొండలో మంత్రం పారదు. ఆ సంగతి అమృతార్యుడి గ్రంథంలో ఉండేది. గ్రంథం కాలిపోయింది. కూతురికి కంఠస్థం.

ఇప్పుడామె కళ్ళు కర్కోటుడి చేతిమీదనే ఉన్నాయి. అతను ఎవరూ చూడకుండా వేలు ఆడించాడు. వేలికొన నుంచి ఎప్పుడూ లేచే నీలిజ్వాల లేవలేదు. మళ్ళీ ఆడించాడు. లేవలేదు. అతని మెడమీద నరం ఒకటి తాడులా బిగిసింది.

తెలిసింది వాడికి, అనుకుంది కాదంబిని.

“భట్టుగారూ, పద్యం!” అన్నాడు రాజు.

వంతెనల మధ్య నిలిచిన శిలాస్తంభం మీద అక్షరాలు నిప్పువెలుగులో మెరిశాయి. రుద్రన గొంతెత్తి చదివాడు.

చెలియ నవ్వుపై నడువుము చింత వీడి
చెలియ కినుకపై నడుగిడ చేటు గల్గు
నింద మోసిన దారిని నీవు విడుము
మణికి దారి యొక్కటి యిది మాట నమ్ము

“ఇంత తేలిక పద్యమా!” అన్నాడొక భటుడు. “నాకే అర్థమైంది.”

“నీకు అర్థమైతే నువ్వే ముందు నడవాలిరా అబ్బీ,” అన్నాడు రుద్రన. భటుడు రెండడుగులు వెనక్కి వేశాడు.

కర్కోటుడు అలవాటుగా ఎడమ భుజం మీదుగా వాలుచూపు చూశాడు. మూగ లేఖకుడు తాటాకు ఎత్తి పట్టాడు.

ఆకు మీద ఒక్క గీత లేదు.

కర్కోటుడు కళ్ళు చికిలించాడు. “ఒరే మూగా, రాయి!” అని పళ్ళ సందున బుసకొట్టాడు.

కాదంబిని కదలలేదు. ‘తెలిసి తప్పు చెప్పకు తల్లీ. పద్యానికి అబద్ధపు అర్థం రాసిన చేయి అన్నానికి పనికిరాదు’ అని తండ్రి ఏనాడో ఒట్టు వేయించుకున్నాడు. ఆమె అబద్ధం రాయలేదు. ఏమీ రాయలేదు.

“ఏమిటి ఆలస్యం?” రాజు విసుగుపడ్డాడు. “వేడికి నా గడ్డం మాడిపోయేలా ఉంది. మీకు తెలియదా ఏమి?”

“తెలియకపోవడమా!” కర్కోటుడి నవ్వు గుహలో ఖంగుమంది. “నవ్వు అంటే హాసము, స్మితము, హసితము, దరహాసము. కినుక అంటే కోపము, క్రోధము, రోషము, అమర్షము. మాటమాటకూ నా దగ్గర కోశమంత ఉంది, ప్రభూ. చూడండి, ఆదిరాణి ఎంత విడమరిచి పెట్టిందో! నవ్వే కన్య ఇదిగో. కోపపు కన్య అదిగో. నింద మోసి ఏడ్చే కన్య ఆ మూలన. చెలియ నవ్వుపై నడవమంది. నవ్వే కన్య కాపున్న ఎర్ర వంతెనే దారి.”

“అదే మీ అర్థమా?”

“అదే నా అర్థం.”

“అయితే ముందు మీరు,” అన్నాడు రాజు. “వెంట నేను.”

కర్కోటుడు ఉత్తరీయం సవరించుకొని ఎర్రరాతి మీద కాలు పెట్టాడు. ఒక అడుగు, రెండడుగులు, పదడుగులు. వంతెన గట్టిగానే ఉంది. ఇరవయ్యవ అడుగు దగ్గర వెనుదిరిగి, “రండి ప్రభూ! పట్టపురాణి పరుపులా ఉంది!” అని చేయి ఊపాడు. రాజు అడుగెత్తాడు.

కాదంబిని చేయి చాచి అతని భుజం పట్టి వెనక్కి లాగింది.

“మహారాజును తాకుతావురా!” రుద్రన కత్తి దూశాడు. అంతలో నవ్వే శిలాకన్య నోట నిజంగానే నవ్వు వినిపించింది. గలగల నవ్వు, గుహ గోడలు కంపించే నవ్వు. ఎర్ర వంతెన మొదటి రాయి ఊడి పడింది. రెండవది ఊడింది. ఆవలి కొసనుంచీ రాళ్ళు రాలడం మొదలైంది. ఇటునుంచి అటు, అటునుంచి ఇటు, వంతెన పండుటాకులా రాలుతూ రాలుతూ, నడుమ ఒక్క స్తంభం మీద ఒక్క పలకరాయి మిగిలింది. దాని మీద కర్కోటభట్టు.

అతను మంత్రం చదివాడు. గాలి వినలేదు. చేతులు ఝాడించాడు. నిప్పు వినలేదు. “ఆకు! ఆకు చూపరా మూగా!” అని గొంతు చించుకున్నాడు.

కాదంబిని అంచుకు వెళ్ళి నిలిచింది. ఖాళీ తాటాకును ఎత్తి చూపి, ఏటిలోకి వదిలింది. తలపాగా విప్పింది. నల్లని జడ నడుముదాకా జారింది.

“ఇందులో రాయాల్సింది నోటితో చెబుతాను, విను కర్కోటా!”

ఏడేళ్ళ తర్వాత పలికిన గొంతు. మొదట బొంగురుగా వచ్చి, రెండో మాటకు కత్తిలా తేలింది.

“ఆడపిల్ల!” అన్నాడు రుద్రన. కత్తి దించడం మరిచాడు. “మూగవాడు ఆడపిల్ల, అందులోనూ మూగది కాదు! రెండేళ్ళు ఒకే వంటశాలలో తిన్నాం కదమ్మా!”

“ఉప్పు ఎక్కువైనప్పుడైనా అరవాలనిపించింది, దళవాయిగారూ. ఓర్చుకున్నాను.” ఆమె చూపు నిప్పులేటి మీదినుంచి చెదరలేదు. “కర్కోటా! మాటకు నూరు మాటలు మింగావు. కవి హృదయం ఒక్క మెతుకు రుచి చూడలేదు. అయిదు పద్యాలు చదివావు. వాటిలో ఎక్కడైనా ఆదిరాణి నవ్వును ముఖంలో చూపించిందా? ఒకచోట వెన్నెలలో చూపింది. ఒకచోట మల్లెలలో, ఒకచోట పాలనురుగులో చూపింది. కవుల లోకంలో నవ్వు తెల్లన, కోపం ఎర్రన, అపకీర్తి నల్లన. పసిపిల్లలకు పలక పట్టినప్పుడే చెప్పే మాట ఇది. మా నాన్న నీకూ చెప్పాడు. ఆవేళ నువ్వు నిద్రపోయి ఉంటావు! చెలియ నవ్వంటే ఆ తెల్లరాయి. చెలియ కినుక నీ కాళ్ళ కింద ఉంది. బొమ్మలు మాటలు మాత్రమే చదివేవాళ్ళ కోసం. రంగులు పద్యం చదివేవాళ్ళ కోసం.”

“మీ నాన్న?” రాజు స్వరం సన్నగిల్లింది. “ఎవరమ్మా నువ్వు?”

“మీరు పేరు చెరిపించినవాడి కూతుర్ని. అమృతార్యుడి కూతుర్ని.”

పలకరాయి ఒక పక్కకు ఒరిగింది. కర్కోటుడు నాలుగు కాళ్ళ జంతువులా దాన్ని కరుచుకున్నాడు. “అమ్మా! కాదంబినీ! నిన్ను ఎత్తుకుని ఆడించినవాణ్ణి! తాడు! తాడు వేయించు తల్లీ!”

“మొదటి తలుపు దగ్గర తీగవంతెన ఎలా తెగింది?”

“తాడు వేస్తే చెబుతాను!”

“చెబితే దళవాయి తాడు విసురుతాడు.”

“నేనే!” నిప్పు మీద నీళ్ళు పోసినట్టు అతని గొంతు చుయ్యిమంది. “నేనే తెంపాను! గురువు చెప్పిన అర్థమే ఒప్పు. ఆ అర్థమే మర్నాడు నాదిగా చెప్పి తలుపు తెరిపించాను. ప్రభూ, మీరూ విన్నారు కదా, రక్షించండి!”

రాజు ముఖం సున్నమయింది. “ఆ కుక్కను ఇవతలికి లాగండి! వాడి తల నా చేతులతో తీస్తాను!”

రుద్రన నారతాడు సుడితిప్పి విసిరాడు. తాడు గాలిలో బారలు బారలుగా విచ్చుకుంటూ వెళ్ళింది. సగం దూరం పోకముందే దాని కొస భగ్గున అంటుకుంది. మంట తాడు వెంట వెనక్కి పాకి వచ్చింది. రుద్రన చేతిలోది వదిలేశాడు. ఆ వేడికి ఏ నారా ఓర్వదని కాదంబినికి ముందే తెలుసు.

ఆమె కళ్ళు అది తెలిసినట్టే చూశాయి. కర్కోటుడు ఆ చూపు చదివాడు. బతుకులో అతను చక్కగా అర్థం చెప్పుకున్న పద్యం అదొక్కటే కావచ్చు.

పలకరాయి జారింది. అతనితో పాటు మింగిన మాటలన్నీ బయటికి దూకాయి. “అగ్ని! అనలము! పావకము! వహ్ని! కృశాను...” పేరు తర్వాత పేరు, లోతు తర్వాత లోతు, చివరి మాట నిప్పులో కలిసి చప్పుడు లేకుండా పోయింది.

నిప్పులేరు ఒక మెట్టు పైకి లేచింది.

“ఏరు పొంగుతోంది!” రుద్రన కేక వేశాడు. “అమ్మా, నువ్వు చెప్పిన తెల్ల వంతెన...”

“నేను ముందు,” అంది కాదంబిని. రాజు వంక తిరిగింది. “అర్థం అడిగినవారు వెంట. రండి.”

కోపపు కన్య కనుబొమల కిందుగా ఆమె తెల్లరాతి మీదికి దూకింది. వెంట రాజు, చేతికర్ర టకటకలాడిస్తూ. వంతెన జానెడు వెడల్పు. నడుమకు చేరేసరికి నిప్పుకెరటం ఒకటి లేచి విరిగింది. తుంపర రాజు పాదం మీద పడింది. అతను అరిచి కూలాడు. చేతికర్ర నిప్పులో పడి మెరిసి మాయమైంది. కాదంబిని అతని మెడపట్టి ఈడ్చి, ఈడ్చి, ఆవలి దరికి విసిరింది. వెనక్కి చూస్తే తెల్ల వంతెన ఏటిలో మునుగుతోంది. వదిలి వచ్చిన ఒడ్డున రుద్రన, భటులు ఎత్తైన బండలకు ఎగబాకుతున్నారు. “మేము బతుకుతాం! మీరు పొండి!” అని రుద్రన గొంతు అలల మీదుగా వినిపించింది.

నిప్పు దరిని నాకుతోంది. ముందర ఆరవ తలుపు. దాని మీద పద్యం. కాదంబిని చదివింది.

చెఱకు విరిచి పిండ చేదుగా మారునె
తీపి పంచు గాని తిట్ట బోదు
అట్టి గుణము గలుగు నతనికే వాకిలి
తెఱచుకొనును దారి తెలిసికొనుము

ఒకసారి చదివింది. అర్థమైంది. రెండోసారి చదివింది, అర్థం మారుతుందేమోనని. మారలేదు.

“ఏమంటోందమ్మా?” రాజు నేలమీద పడి ఉన్నాడు. కాలు కమిలి నల్లబడింది. “నాకు చదవడానికి చూపు ఆనడం లేదు.”

ఏడేళ్ళలో మొదటిసారి ఆమెకు అబద్ధమాడాలనిపించింది. ‘తీపి అంటే తేనెపట్టు, పైకప్పున వెతకాలి’ అని ఏదో ఒకటి. ఈ ముసలివాణ్ణి ఇక్కడే వదిలి, తలుపు తెరుచుకోకపోతే తనూ ఇక్కడే కాలిపోయి, పగ పూర్తిచేసుకోవాలనిపించింది. గ్రంథాలు కాలిన కోటవాకిలి కళ్ళలో కదిలింది. కాగడా పట్టిన చేయి ఇదే. ఈ ముడతలు పడ్డ చేయే.

“చదువు తల్లీ. వినాలని ఉంది.”

ఆమె చదివింది. గొంతులో ఒక్కొక్క మాట రాయిలా దొర్లింది.

రాజు కళ్ళు మూసుకున్నాడు. నిప్పు ఒక అడుగు ముందుకు వచ్చింది. తర్వాత అన్నాడు: “గానుగను నేనే కదా?”

కాదంబిని అతని చేతుల వంక చూసింది.

“చెరకువి నువ్వు. పిండినవాడి నోరే తీపిచేయాలంటోంది మా ముత్తవ్వ వాసంతిక. ఇది న్యాయం కాదమ్మా. నన్ను వదిలేసి నీ దారి చూసుకో. ఇది రాజాజ్ఞ.”

“మిమ్మల్ని వదిలితే తలుపు తెరుచుకోదు.”

“అయితే అర్థం చెప్పకు. చెప్పావంటే అందులో నడవాలి. నన్ను మోయాల్సి వస్తుంది.”

నిప్పు ఆమె మడమలకు జానెడు దూరంలో ఉంది. తలుపు వైపు తిరిగి, తండ్రి కూర్చున్నట్టే వెన్ను నిటారుగా నిలిపి, సభలో చెప్పినట్టే స్పష్టంగా చెప్పింది:

“తనను నలిపినవాణ్ణి చేదుపెట్టకుండా దాటించగలిగినవారికే ఈ వాకిలి. పద్యానికి అర్థం ఇదే. వేరే అర్థం లేదు.”

వంగింది. కర్ణికారపురపు మహారాజును, కాగడా పట్టిన చేతులతో సహా, వీపున వేసుకుంది. రాతిలో ఎక్కడో గొలుసులు కదిలాయి. తలుపు జానెడు తెరుచుకుంది. చల్లని గాలి తగిలింది.

“మోస్తాను మహారాజా,” అంది ఆమె పళ్ళు బిగించి. “మరవను. మీరు చేసిన ఆ బూడిదను ఏనాడూ మరవను.”

తలుపు ఆగిపోయింది.

గొలుసులు మౌనం వహించాయి. జానెడు సందులో మనిషి పట్టదు. నిప్పు ఆమె అంచుపంచెను తాకింది, పొగ లేచింది.

“తిట్టబోదు అంది పద్యం,” రాజు ఆమె చెవిలో గుసగుసలాడాడు. “తల్లీ, నాకు క్షమాపణ అడిగే నోరు లేదు.”

ఆమె కళ్ళు మూసుకుంది. లోపల ఏడేళ్ళుగా మండుతున్నది ఏటిలోని నిప్పుకన్నా ఎర్రగా లేచింది. అది ఆరలేదు. ఆరదని ఆమెకు తెలుసు. దానిని గుటక వేసి మింగింది. గుటక గొంతు దిగేటప్పుడు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. వీపున ముసలివాడి కాలిన పాదం రాయి అంచుకు రాసుకుంటోందని తెలిసి, చేయి వెనక్కి చాచి, ఆ పాదాన్ని మెల్లగా పైకి సర్దింది.

“చేతులు నా మెడ చుట్టూ వేయండి,” అంది. “మెట్లు ఉన్నట్టున్నాయి. గట్టిగా పట్టుకోండి.”

తలుపు బార్లా తెరుచుకుంది. చీకటిలో వేయి మెట్లు కిందికి దిగుతున్నాయి. అట్టడుగున, ఏడవ తలుపు ఉండాల్సిన చోట, బావి లోతులో పచ్చని కళ్ళు రెండు తెరుచుకొని పైకి చూశాయి. కాదంబిని బరువు సర్దుకొని మొదటి మెట్టు మీద కాలు మోపింది.